ఇంట్లో డ్రమ్స్ రికార్డింగ్: నాలుగు మైకులు చాలు, కానీ ఏ నాలుగు?

మా ఇల్లు సికింద్రాబాద్ మెట్టుగూడలో, మూడో అంతస్తు. డ్రమ్స్ ఉన్న గది పదకొండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. కిటికీ తీస్తే రైళ్ల చప్పుడు. గూడ్సు బండి పోతుంటే ఎవరూ ముట్టుకోకుండానే స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము) కింది తీగలు జరజరమంటాయి. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకానే వాయించుకుంటామని కింది ఇంటి ఆంటీకి మాటిచ్చాం. ఆ మూడు గంటల్లోనే, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుకుంటూ, రెండేళ్లుగా నేనూ మా తమ్ముడూ మా చర్చి క్వాయర్ పాటలకి డ్రమ్స్ రికార్డ్ చేస్తున్నాం. వాడు వాయిస్తాడు, నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకులు జరుపుతాను. "అక్కా, ఏ మైకు కొనాలి?" అని అడిగే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లందరి కోసం, మా చేతుల్లో నలిగిన వాటి గురించే రాస్తున్నాను.

ముందుగా మేం పోగొట్టుకున్న డబ్బు సంగతి. ఒకే పెట్టెలో ఏడు మైకులు, క్లిప్పులతో సహా, చాలా తక్కువ ధరకి దొరికే డ్రమ్ సెట్లు ఉంటాయి. చూడగానే ఆశ పుడుతుంది. మేం మొదట కొన్నది అలాంటిదే. కంపెనీ పేరు అనవసరం. ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే లావు గొంతు డ్రమ్ము) క్లిప్పు మూడో వారానికే విరిగింది. పైన పెట్టే రెండు మైకుల్లో పాట నెమ్మదించిన ప్రతిచోటా సుయ్‌మని ఒకటే హోరు. అయినా అసలు తప్పు మైకులది కాదు, లెక్కది. ఏడు మైకులు పెట్టాలంటే ఇంటర్‌ఫేస్‌కి, అంటే మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి, ఏడు ఇన్‌పుట్లు ఉండాలి. మా బెరింజర్ యూఎంసీ404హెచ్‌డీకి ఉన్నవి నాలుగు. ఏడింటికి డబ్బు కట్టి నాలుగే వాడాం, ఆ నాలుగూ నాసిరకంవి. అదే డబ్బుకి ఇంకొంచెం కలిపితే రెండు మంచి మైకులు వచ్చేవి.

అందుకే, మైకుల ధరలు చూసే ముందు మీ ఇంటర్‌ఫేస్‌కి మైకు ఇన్‌పుట్లు ఎన్నో లెక్కపెట్టుకోండి. ఎనిమిది ఇన్‌పుట్లది కొంటే మైకులకి డబ్బు మిగలదు. నాలుగు ఉంటే డ్రమ్స్ చక్కగా వస్తాయి: కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైన రెండు. డ్రమ్స్ శబ్దం పెద్దది కాబట్టి ఇంటర్‌ఫేస్‌లో మైకు శబ్దాన్ని పెంచే ప్రీఆంప్ ఖరీదైనది కాకపోయినా పనైపోతుంది. గొంతు రికార్డ్ చేసేటప్పుడు ఆ పెంచే మీట, గెయిన్, ఎంతో తిప్పుతాం, స్నేర్‌కి దాంట్లో కొంత తిప్పితే చాలు. గట్టి దెబ్బకి కూడా మీటరు మైనస్ పది డెసిబెల్స్ దగ్గరే ఆగేలా పెట్టుకోండి. రికార్డింగ్ మొదలయ్యాక తమ్ముడు ఎప్పుడూ ట్రయల్‌లో కన్నా గట్టిగానే కొడతాడు. ఏ డ్రమ్మరైనా అంతే.

ఇక మైకులు. ఒక్కటే కొనగలిగితే షూర్ ఎస్ఎం57 కొనండి. 1965లో వచ్చిన మైకు, ఇప్పటికీ తయారవుతోంది. ఇది డైనమిక్ రకం. లోపల పల్చటి పొర, దానికి అతికించిన తీగచుట్ట, ఒక అయస్కాంతం, అంతే. కరెంటు అక్కర్లేదు, స్టిక్కు తగిలినా బతుకుతుంది. మా దానికి నెత్తి మీద రెండు సొట్టలున్నాయి, పనిలో తేడా లేదు.

అయితే ఎస్ఎం57కి నకిలీలు చాలా ఉన్నాయి, మాకూ ఒకటి తగిలింది. నగరంలోనే ఒక దుకాణంలో కొన్నాం. డబ్బా, సంచి, స్టిక్కరు అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి పెడితే స్నేర్ రేకు డబ్బాలా మోగింది. షూర్ వాళ్ల వివరాల్లో బరువు 284 గ్రాములని ఉంది. దాన్ని తీసుకుని నేరుగా మా వీధి కిరాణా కొట్టుకి పోయాను.

"అన్నా, దీన్ని ఒకసారి కాంటా మీద పెట్టవా?"

ఆయన కందిపప్పు పొట్లం పక్కకి తీసి మైకు పెట్టాడు. "ఎంతుండాలె చెల్లే?"

"రెండొందల ఎనభై నాలుగు."

"రెండొందల పన్నెండే ఉంది." కాంటా సున్నాకి తెచ్చి మళ్లీ పెట్టాడు. అంతే చూపించింది. "మోసం చేసిన్రు చెల్లే, వాపస్ ఇచ్చెయ్."

అసలు ఎస్ఎం57 పిడిలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. నకిలీ చేసేవాళ్లు చాలాసార్లు దాన్నే ఎగ్గొడతారు. బరువు తగ్గేది అందుకే, శబ్దం పలచబడేదీ అందుకే. దుకాణం వాళ్లు రెండు రోజులు తిప్పించుకుని డబ్బులు వెనక్కిచ్చారు. తర్వాత బిల్లు, వారంటీ కార్డు ఉన్నది కొన్నాం. దాన్నీ అదే కాంటా మీద పెట్టించాను. 284కి రెండు గ్రాములు అటూ ఇటూ. సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే వంటింటి డిజిటల్ త్రాసు సంచిలో వేసుకెళ్లండి, మొహమాటపడొద్దు. మీ డబ్బు అది.

స్నేర్ మీద దీన్ని పెట్టే తీరు: రింకి (అంచుకి) రెండు వేళ్ల పైన, మూతి స్నేర్ నడిమి వైపు కొద్దిగా వంచి, వీపు హై-హ్యాట్ (పెడల్‌తో మూసే ఇత్తడి పళ్లాల జత) వైపు. ఇది కార్డియాయిడ్ మైకు, ముందు నుంచి వచ్చేది బాగా వింటుంది, వెనక నుంచి వచ్చేది చాలావరకు వదిలేస్తుంది. ఆ వీపుని హై-హ్యాట్‌కి చూపించడమే కిటుకు. మొదట్లో మేం మైకుని పక్క నుంచి పెట్టేవాళ్లం, స్నేర్ ట్రాకులో స్నేర్ కన్నా హై-హ్యాటే ఎక్కువ. స్టాండు ఒక జానెడు జరిపి వీపు తిప్పాక హై-హ్యాట్ వెనక్కి పోయింది. కంప్యూటర్‌లో శబ్దం దిద్దే ఏ ప్లగిన్‌తోనూ అంత తేడా రాలేదు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నాను. మైకు మార్చే ముందు స్నేర్ స్కిన్, అంటే దెబ్బలు పడే పొర, మార్చండి. నడిమి తెల్లపూత అరిగిపోయి అడుగు పారదర్శకంగా కనిపిస్తుంటే ఆ స్కిన్ పని అయిపోయినట్టే. కొత్తది వేసి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతి బోల్టు దగ్గరా అంగుళం లోపల వేలితో తట్టి ఒకే శ్రుతి వచ్చేదాకా ఓపిక పట్టండి. మృదంగానికి శ్రుతి కలపకుండా ఎవరూ కచేరీకి కూర్చోరు. డ్రమ్ కిట్ దగ్గరకొచ్చేసరికి ఆ పట్టింపు ఎందుకు వదిలేస్తున్నామో నాకు అర్థం కాదు. కొత్త స్కిన్ వేసి మామూలు మైకుతో తీసిన రికార్డింగ్, పాత స్కిన్ మీద ఖరీదైన మైకుతో తీసిన దానికన్నా బాగుంటుంది. మా ఇంట్లో రెండూ చేసి విన్నాం.

పైన పెట్టే జత దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. చాలామంది వీటిని సింబల్ (ఇత్తడి పళ్లెం) మైకులనుకుంటారు. నిజానికి మొత్తం కిట్ బొమ్మ వీటిలోనే ఉంటుంది, కిక్, స్నేర్ మైకులు దాని మీద దిద్దే గీతలు. మేం వాడేవి రెండు ఏకేజీ పీ170లు. పెన్సిల్ ఆకారంలో ఉండే చిన్న కండెన్సర్ మైకులు, 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్ నుంచి మైకు కేబుల్లోనే వచ్చే కరెంటు, కావాలి. వీటి మీద 20 డెసిబెల్స్ తగ్గించే స్విచ్ ఉంది. తమ్ముడు క్రాష్ సింబల్ మీద విరుచుకుపడే పాటలకి అది వేస్తాను. పాత సెట్టులోని జతతో సింబల్ ఇసుక రాల్చినట్టు వినిపించేది. వీటితో ఇత్తడి మోగినట్టు వినిపిస్తుంది. ఈ ధరలో ఇంతకన్నా అడగను.

జత కొనే డబ్బు లేకపోతే ఒక ఆడియో-టెక్నికా ఏటీ2020తో మొదలుపెట్టండి. మా స్నేహితురాలిది ఒక నెల అరువు తెచ్చుకుని వాడాం. 144 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది, డ్రమ్స్‌కి భయపడక్కర్లేదు. దీని నెత్తిని డ్రమ్ వైపు చూపించకూడదు, పక్క నుంచి వినే మైకు ఇది. కంపెనీ గుర్తు ఉన్న వైపు కిట్‌కి చూపించాలి. వాయించేవాళ్ల కుడి భుజం పైనుంచి స్నేర్ వైపు చూసేలా పెడితే ఒక్క మైకుతోనే వినదగ్గ డ్రమ్స్ వస్తాయి.

జత పెట్టేటప్పుడు మేం వాడే పరికరం పూలు కట్టే దారం. అమ్మ పూలబుట్టలోది. ధ్వని గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. ఒక మైకు స్నేర్‌కి 80 సెంటీమీటర్లలో, రెండోది 97లో ఉంటే అదే దెబ్బ రెండో మైకుకి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి ఫోన్ స్పీకర్‌లో వింటే వెయ్యి హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుని స్నేర్ గుల్లబారుతుంది. చాలామంది మైకుని తిట్టేది ఇక్కడే. మేం దారం ఒక కొన స్నేర్ నడిమిన వేలితో నొక్కి, రెండు డ్రమ్ స్టిక్కుల పొడవు దగ్గర, అంటే దాదాపు 81 సెంటీమీటర్లకి ముడి వేశాం. ఒక మైకు స్నేర్‌కి సరిగ్గా పైన, రెండోది తమ్ముడి కుడి భుజం వెనక. రెండు మూతులూ ఆ ముడికే తగలాలి. "ఇంకొంచెం కిందికి అక్కా, ముడి తగల్లేదు" అని వాడు, "తల పక్కకి పెట్టురా" అని నేను. పది నిమిషాల పని, ప్రతిసారీ చేస్తాం.

ఇంత కిందికి పెట్టడానికి ఇంకో కారణం మా స్లాబు. ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే. మైకులు పైకి లేపితే డ్రమ్ దెబ్బ, వెంటనే కాంక్రీటుకి తగిలి తిరిగొచ్చిన దెబ్బ రెండూ కలిసి బాత్రూంలో వాయించినట్టు వస్తుంది. అట్టల ఫోమ్ కొనొద్దు, అది సన్నటి పై శ్రుతి చప్పుడునే కొంత మింగుతుంది, లావాటి అడుగు చప్పుడుని ముట్టుకోదు. రాణిగంజ్‌లో రాక్‌వూల్ (రాతి నార) పలకలు తెచ్చి, చెక్క చట్రంలో పెట్టి, పాత దుప్పటి గుడ్డ చుట్టి స్లాబుకి రెండు వేలాడదీశాం. మూలకి తాతయ్య వాడిన దూది పరుపు నిలబెట్టాం. పాతికేళ్ల పరుపు, ఎంత బరువో. అది పెట్టిన రోజే ఫ్లోర్ టామ్ ఊళ వెయ్యడం ఆగింది.

కిక్‌కి ఏకేజీ పీ2. ఎస్ఎం57ని కిక్‌లో పెడితే బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) దెబ్బ వస్తుంది గానీ కడుపులో తగిలే అడుగు రాదు, కాబట్టి దీనికి వేరే మైకు తప్పదు. ముందు స్కిన్‌కి ఉన్న రంధ్రంలోంచి లోపలికి పెట్టి, బీటర్‌కి జానెడు దూరంలో ఉంచితే టక్కుమంటుంది, రంధ్రం దాకా లాగితే గుండ్రంగా మోగుతుంది. క్వాయర్ పాటలకి మేం రెండోదే ఎంచుకుంటాం. డ్రమ్ లోపల ఒక పాత దిండు.

కేబుళ్లు మాత్రం కొన్నవి కావు. కోఠి గుజరాతీ గల్లీలో మీటర్ల లెక్కన తీగ, ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్లు తెచ్చి తమ్ముడే సోల్డర్ చేశాడు. రెడీమేడ్ వాటికయ్యే ఖర్చులో సగమే అయింది, రెండేళ్లలో ఒకటే ఊడింది.

పోయిన క్రిస్మస్‌కి ఒక పాటలో డప్పు కావాల్సి వచ్చింది. మా క్వాయర్‌లో డప్పు కొట్టే పెద్దాయన్ని బాబాయ్ అంటాం. ఆయన మేడ మీద కాగితాలు, కొబ్బరి పీచు అంటించి తోలు కాచుకుని, అది వేడిగా ఉండగానే గబగబా గదిలోకి వచ్చాడు. "చల్లారితే సప్పబడుతది బిడ్డా, జల్ది పెట్టు" అన్నాడు. అదే ఎస్ఎం57ని మూడడుగుల దూరంలో, ఛాతీ ఎత్తులో పెట్టాను. సిర్ర (లావు కర్ర) దెబ్బ లోతుగా, చిటికెన పుల్ల దెబ్బ చిటపటలాడుతూ విడివిడిగా పడ్డాయి. రెండో టేకుకే తోలు దిగింది, వినగానే తెలిసిపోయింది. మళ్లీ మేడెక్కి కాచుకొచ్చాడు. ఆ పాటలో ఉన్నది మూడో టేకు.

కొనే వరుస అడిగితే నేను చెప్పేది ఇదే: ముందు స్నేర్ స్కిన్, తర్వాత ఎస్ఎం57, తర్వాత పైన జత, ఆఖర్న కిక్ మైకు. జత వచ్చేదాకా ఆ ఒక్క 57నే కిట్ ముందు, నడుం ఎత్తులో పెట్టి రోజూ రికార్డ్ చేసుకుని వినండి. వచ్చే నెల టామ్‌లకి మైకు కొందామని తమ్ముడు అంటున్నాడు. నేను ఫ్లోర్ టామ్‌కి కొత్త స్కిన్ వేద్దామంటున్నాను.