ఎలక్ట్రిక్ టూత్ బ్రష్: సెల్ వేసేదా, చార్జింగ్ పెట్టేదా?

బ్రష్‌ను కొత్తగా డిజైన్ చేసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది పిడిలో ఏముండాలన్నదే. ఫిలిప్స్ కంపెనీ అయితే ‘వన్’ అనే బ్రష్‌లో రెండు రకాలూ తెచ్చింది: ట్రిపుల్ ఏ (సన్న పెన్సిల్) సెల్‌తో ఒకటి, యూఎస్‌బీ-సీ చార్జింగ్‌తో ఒకటి.

ధర: సెల్‌ది కొనేటప్పుడు చవక, తర్వాత సెల్స్ ఖర్చు. చార్జింగ్‌ది మొదట్లోనే ఎక్కువ.

శ్రమ: సెల్ కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. కేబుల్ మర్చిపోయి ఊరెళ్తే టెన్షనే.

తడి: అసలు చిక్కు ఇక్కడే. సెల్ మార్చాలంటే మూత ఉండాలి, మూతకు రబ్బరు రింగు ఉండాలి. అది వదులైతే నీళ్లు దిగి స్ప్రింగుకు చిలుము పడుతుంది. పూర్తిగా మూసేసిన పిడికి ఆ బెడద తక్కువ. కానీ లోపలి బ్యాటరీ చచ్చిందా, బాగున్న మోటారు కూడా చెత్తలోకే. నాకు మింగుడుపడనిది ఇదే. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన వస్తోంది. తడిలో వాడే వస్తువులకు మాత్రం సడలింపు ఉంది: మెకానిక్ మార్చగలిగితే చాలు.

హాస్టల్లో ఉండేవాళ్లకు, తరచూ ప్రయాణాలు చేసేవాళ్లకు సెల్‌దే నయం. ఇంట్లో రెండు పూటలా వాడేవాళ్లకు చార్జింగ్‌ది. వేళ్లు వణికే పెద్దవాళ్లకైతే మూత తిప్పే పనే లేకుండా, స్టాండ్ మీద పెడితే చార్జయ్యేది ఇవ్వాలి.