చిన్న బిళ్ళా, పెద్ద బిళ్ళా: అజ్టెక్ కదుళ్లు చెప్పే సంగతి

మెక్సికో లోయలో, స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన అజ్టెక్‌ల నాటి బట్టలు దాదాపు అన్నీ చివికిపోయాయి. నూలు వడికే కదురుకు బరువు కోసం తొడిగే మట్టి బిళ్ళలు మాత్రం బోలెడు మిగిలాయి. ముఖ్యంగా రెండు రకాలు.

చిన్నవి పత్తికి. చాలావాటి బరువు 10 గ్రాములు కూడా ఉండదు. పత్తి పీచు పొట్టిది, బరువు వేలాడితే పుటుక్కున తెగుతుంది. అందుకే కదురు మొనను చిన్న మట్టి గిన్నెలో ఆనించి తిప్పేవారు. ఆ గిన్నెలూ దొరికాయి. నాకైతే ఈ చిన్న బిళ్ళే ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే 2,200 మీటర్ల ఎత్తున్న ఆ లోయ చలికి పత్తి పండదు. కింది ప్రాంతాల నుంచి కప్పంగానో, సంతలోనో రావాల్సిందే. అంటే చిన్న బిళ్ళ దొరికిన ఇంట్లో వడికింది దిగుమతి సరుకన్నమాట!

పెద్దవి మాగేకి, మన కిత్తనార జాతి మొక్కే. పీచు పొడుగు, మొండిది. బరువైన బిళ్ళ ఉంటేనే పురి సరిగ్గా ఎక్కుతుంది. మొక్క అక్కడే పెరిగేది, ఆ బట్ట సామాన్యులు కట్టేది. మధ్యరకం సైజు బిళ్ళ దొరికితేనే పేచీ, అది ఏ పీచుకో తేలదు.