రింగా, ట్యాగా? నీటి పక్షుల దారి తెలియాలంటే ఏది మేలు

"జీపీఎస్ ట్యాగులు వచ్చాక కూడా పక్షుల కాళ్లకు ఇంకా రింగులెందుకండీ?" చలికాలం మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. విద్యార్థులు దీన్నే తిరగేసి అడుగుతారు: "ఒక ట్యాగుకు పెట్టే డబ్బుతో వందల పక్షులకు రింగులు వేయొచ్చు కదా సార్?" రింగంటే పక్షి కాలికి తొడిగే గుర్తు కడియం, ట్యాగంటే అది ఎక్కడుందో నమోదు చేసే చిన్న పరికరం. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఖరీదు, బరువు, బ్యాటరీ లెక్కలు ఎవరైనా చెబుతారు. నేను ముందు చూసేది ఇంకొకటి: ఆ పక్షి వెళ్లే చోట దాన్ని చూసే మనిషి ఉన్నాడా?

డెన్మార్క్‌లో మార్టెన్‌సెన్ అనే బడిపంతులు 1899లో గోరింకల జాతి పక్షులకు అల్యూమినియం రింగులు తొడిగినప్పటి నుంచీ ఈ పద్ధతి కిటుకు ఒక్కటే. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆ పక్షిని మళ్లీ పట్టాలి, లేదా రంగు రింగు మీది అక్షరాలు దూరం నుంచి చదవాలి. చదివేవాడు లేకపోతే ఆ రింగు ఉన్నా లేనట్టే. అందుకే రింగుల సమాచారంతో గీసిన పటాన్ని నేను సగం అనుమానంతోనే చూస్తాను. అందులో పక్షులు ఎక్కడ తిరిగాయన్నదాని కన్నా బైనాక్యులర్లు పట్టుకున్న మనుషులు ఎక్కడ తిరిగారన్నదే ఎక్కువ కనిపిస్తుంది.

దీనికి ఆస్ట్రేలియాలోని బ్యాండెడ్ స్టిల్ట్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన చెరువుల్లో పొడుగాటి ఎర్ర కాళ్లతో నడిచే స్టిల్టుకు ఇది బంధువే. మామూలు రోజుల్లో తీరప్రాంతపు ఉప్పునీటి మడుగుల్లో గుంపులుగా కనిపిస్తుంది, ఉన్నట్టుండి మాయమవుతుంది. గుడ్లు పెట్టేది ఎడారి నడుమ ఉప్పు సరస్సుల్లో. అవి ఏళ్ల తరబడి ఎండి ఉండి, ఎప్పుడో పెద్ద వాన పడితేనే నిండుతాయి. అక్కడ ఊళ్లు లేవు, రోడ్లు అంతంతమాత్రం. ఈ పక్షి గూళ్లు 1930 దాకా శాస్త్రవేత్తల కంటపడలేదంటే ఆశ్చర్యమేముంది?

రీస్ పెడ్లర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ పక్షులకు ఉపగ్రహ ట్యాగులు కట్టి, ఫలితాలు 2014లో ప్రచురించారు. ఒక పక్షి రెండున్నర రోజులు కూడా పట్టకుండా 2,200 కిలోమీటర్లకు పైగా ఎగిరింది. ఎక్కడో దూరాన వాన పడి సరస్సు నిండిందని వీటికి ఎలా తెలుస్తోందో ఇంకా తేలలేదు. ఎందుకంత తొందర అన్నది మాత్రం తెలిసిందే. ఎండిన ఉప్పు నేలలో ఏళ్లపాటు పడి ఉన్న రొయ్యల గుడ్లు నీళ్లు తగలగానే చిట్లి, సరస్సంతా పారార్టీమియా అనే చిన్న రొయ్యలతో నిండిపోతుంది. (మన రొయ్యల హేచరీల్లో పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియాకు ఇది దగ్గరి చుట్టం.) నీళ్లు ఇంకేలోపే ఈ పక్షులు వాటిని తినాలి, గుడ్లు పెట్టాలి, పిల్లల్ని లేపాలి. ఎన్ని వేల రింగులు వేసినా ఈ కథ బయటపడేది కాదు, ఎడారిలో వాటిని చదివేవాడు లేడు కాబట్టి.

హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చే బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతు సంగతీ అంతే. ఎవరెస్టు మీదుగా ఎగురుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. ట్యాగులు కట్టి చూస్తే నమోదైన గరిష్ఠ ఎత్తు 7,290 మీటర్లు, ఎక్కువ ప్రయాణం 5,500 మీటర్ల లోపే. ఒంట్లో అమర్చిన పరికరాలతో గుండె వేగం కూడా కొలిచారు. ఎక్కిన ఎత్తును పట్టుకుని ఉండకుండా కొండల వాలు వెంట దిగుతూ ఎక్కుతూ పోతుందట. పైన గాలి పలచన, అక్కడ రెక్కలాడించడానికి శ్రమ ఎక్కువ. కాబట్టి దిగి మళ్లీ ఎక్కడమే చౌక. పక్షి తన పరిసరాలకు ఎలా సర్దుకుంటోందన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు కాలి రింగు ఇవ్వలేదు.

అలాగని రింగును తీసిపారేయలేం. మొదటి కారణం బరువు. ఒంటికి కట్టే పరికరం పక్షి బరువులో 3 శాతం మించకూడదని సాధారణంగా పాటిస్తారు. గూడబాతుకు అది లెక్కలోకే రాదు. లిటిల్ స్టింట్ అనే పాతిక గ్రాముల ఉల్లంకికి మాత్రం ముప్పావు గ్రాము దాటకూడదు, అందులో ఎంత బ్యాటరీ పడుతుంది? రెండో కారణం ఆయుష్షు. 1995లో అర్జెంటీనా దక్షిణ కొసన రింగు వేసి, తర్వాత బీ95 అన్న ఫ్లాగు (కాలికి తగిలించే రంగు రేకు) పెట్టిన రెడ్ నాట్ అనే తీరపక్షి 2014లో కూడా అమెరికా తీరంలో కనిపించింది. అంతకాలం పనిచేసే ట్యాగు నేనెరగను. ఒక జాతి పక్షులు సగటున ఎన్నేళ్లు బతుకుతున్నాయి, ఆ సంఖ్య తగ్గుతోందా అన్నది తేల్చాలంటే ఎక్కువ పక్షులు, ఎక్కువ ఏళ్లు కావాలి. అక్కడ రింగుదే పైచేయి. మీ కెమెరాకు రింగు ఉన్న పక్షి చిక్కితే రంగు, అక్షరాలు, ఏ కాలికి ఉందన్నది రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

వెలుతురు వేళల్ని నమోదు చేసి, వాటిని బట్టి చోటు లెక్కగట్టే లైట్ జియోలొకేటర్ల గురించి కూడా అడుగుతుంటారు. తేలిక, చవక, కానీ చోటు చెప్పడంలో వంద కిలోమీటర్లకు పైగా తప్పొచ్చు. పైగా పక్షిని మళ్లీ పట్టుకోవాలి. గూటికి తిరిగొచ్చే పక్షులకు సరే, మిగతావాటికి వద్దు.

ఇక లెక్కింపు. శాస్త్రవేత్త రిచర్డ్ కింగ్స్‌ఫర్డ్ బృందం తూర్పు ఆస్ట్రేలియాలో 1983 నుంచి ఏటా విమానంలోంచి నీటి పక్షుల్ని లెక్కిస్తోంది. మన దగ్గర జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ఉంది. దీర్ఘకాలపు పోకడ తెలియాలంటే వీటికి సాటి లేదు. కానీ ఒక ఏడు కొల్లేటిలో సంఖ్య తగ్గితే పక్షులు చచ్చిపోయాయా, నీళ్లున్న మరో చెరువుకు పోయాయా అన్నది ఒక్క లెక్కింపుతో తేలదు. పేపర్లలో మాత్రం "అంతరించిపోతున్న పక్షులు" అని శీర్షిక వచ్చేస్తుంది.

డబ్బు పరిమితంగా ఉండి, పనంతా మన తీరంలోని చిన్న ఉల్లంకుల మీదైతే రంగు ఫ్లాగులే వేయమంటాను. చదివే కళ్లు ఇప్పుడు బాగానే పెరిగాయి. పులికాట్ ఫ్లెమింగోల దగ్గరికొస్తే నా ఓటు ట్యాగుకే. అవీ ఉప్పునీటి మట్టం చూసుకుని చోటు మార్చే పక్షులే, రెండు మూడు కిలోలు తూగే పక్షి కాబట్టి ట్యాగును సులువుగా మోస్తుంది. ఉపగ్రహ ట్యాగు కూడా అక్కర్లేదు, మొబైల్ టవర్ల ద్వారా సమాచారం పంపే జీపీఎస్ ట్యాగు చాలు. తీరమంతా టవర్లే. కచ్ రణ్ లాంటి సిగ్నల్ లేని చోటికి పోయినా దారంతా తనలో దాచుకుని, మళ్లీ టవర్ తగిలినప్పుడు పంపుతుంది.