ఆర్వో నీళ్ళతో చపాటా నారు: మూడేళ్ళ ముచ్చట

హన్మకొండలో మా బోరు నీళ్ళలో మీటరు ముంచితే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, లీటరుకు 1,100 మిల్లీగ్రాములు చూపిస్తుంది. తాగే నీళ్ళకు 500 దాటొద్దంటారు. బకెట్ల అంచులకు తెల్ల పొర, హీటర్ రాడ్డుకు సున్నం పెచ్చులు, కుండీ మట్టి మీద ఉప్పు చల్లినట్టు పొడి. కరివేపాకు మొక్క లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మిగతాదంతా పసుపు తేలేవి. అందుకే మూడేళ్ళ కింద వంటింటి ఆర్వో మిషన్ నీళ్ళు చిన్న మొక్కలకు పోయడం మొదలుపెట్టాను. నెలన్నర తిరిగేసరికి కరివేపాకు ముదురు పచ్చ చిగురు వేసింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనూ డాబా ఎక్కించి చూపించాను.

నిరుడు వానాకాలం దాకా అదే మాట మీద ఉన్నాను.

చపాటా మిర్చి తెలుసు కదా, టమాటాలా గుండ్రంగా, కారం తక్కువ, రంగు ఎక్కువ. మా వరంగల్ చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఆ గింజలు యాభై గుంతల ట్రేలో కొబ్బరి పొట్టు నింపి పెట్టాను. పోసింది ఆర్వో నీళ్ళే, చుక్క బోరు నీళ్ళు కలపలేదు. తొమ్మిదో రోజుకు మొలకలు వరసగా లేచాయి. నాలుగో వారానికి కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు. తర్వాత లేత ఆకుల కొసలు ముడుచుకున్నాయి.

నాకు గుండె జారింది. 2021లో మా వైపు మిర్చి తోటలను నల్ల తామర పురుగు ఎట్లా ఊడ్చిందో చూసినదాన్ని. రాత్రి ఫోన్ లైటు వేసి ఒక్కో ఆకు తిప్పి చూశాను, ఒక్క పురుగు లేదు. అయినా వేపనూనె రెండుసార్లు కొట్టాను. పసుపు తగ్గలేదు సరికదా, ఇంకో ఆకు పైకి ఎక్కింది.

మిగిలిన గింజలను అత్తమ్మ పగిలిన పెయింట్ బకెట్లో ఎర్రమట్టి, పెంట ఎరువు కలిపి చల్లింది. పోసింది అదే బోరు నీళ్ళు. ఆ నారు నల్లగా నిగనిగలాడుతోంది. నేను ట్రే ముందు కూర్చొని దిగాలుపడితే, "నీ నీళ్ళు మరీ కడిగిన నీళ్ళాయె, వాటిల ఏమున్నదని పెరుగుతయే?" అన్నది.

తప్పు సగం నీళ్ళది, సగం పొట్టుది. ఆర్వో జల్లెడ ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా లాగేస్తుంది. కొబ్బరి పొట్టులో ఆ రెండూ అసలే తక్కువ, పైగా మనం వేసిన వాటిని తానే పట్టి పెట్టుకుంటుంది. మట్టిలో అయితే ఎంతో కొంత నిల్వ ఉంటుంది కాబట్టి కరివేపాకు బతికిపోయింది. నిజం చెప్పాలంటే, అదే నెలలో దాని మట్టి మార్చి, పడమటి ఎండ తగలని మూలకు జరిపాను కూడా. ఆ పేరంతా నీళ్ళకే కట్టాను.

ఆ తర్వాత బోరు, ఆర్వో సగం సగం కలిపాను, మీటరు 570 దగ్గర ఆగింది. లీటరుకు గ్రాము చొప్పున మెగ్నీషియం ఉండే ఎప్సమ్ ఉప్పు కలిపి వారానికోసారి పిచికారీ చేశాను. కొత్త ఆకులు పచ్చగానే వచ్చాయి, పసుపు పడ్డవి మాత్రం కోలుకోకుండా రాలాయి. యాభైలో ముప్పై ఒకటి నిలిచాయి.

వృథా సంగతీ ఉంది. బకెట్లు పెట్టి కొలిస్తే మా మిషన్ ఒక బకెట్ మంచినీళ్ళకు మూడు బకెట్లు బయటికి పంపింది. అవి పారబోయడం ఎందుకని మల్లెకు పోస్తే ఆకుల అంచులు మాడాయి. ఇప్పుడు వాటితో బాత్రూం కడుగుతున్నాం.

మిషన్ భగీరథ నీళ్ళు ఇంటిదాకా వచ్చేవాళ్ళకు ఈ తిప్పలు అక్కర్లేదనుకుంటా, రాత్రి బకెట్లో పట్టి పొద్దున పోస్తే చాలు. మా నల్లా మూడో అంతస్తుకు ఎక్కదు, అందుకే నేను ఆర్వో పూర్తిగా మానలేదు. గింజ మొలిచి రెండు అసలు ఆకులు వచ్చేదాకా అవే నీళ్ళు, ఆ తర్వాత కలిపినవి. ఈసారి ట్రేలో పొట్టుకు సగం ఎర్రమట్టి కలుపుతున్నాను. పెయింట్ బకెట్ కూడా అడిగాను గానీ, అత్తమ్మ ఇయ్యనంటోంది.