నాటాల్ ఓడల జాబితాలు: ముత్తాతను వెతికేవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ, ఇప్పటి దక్షిణాఫ్రికాలో భాగమైన నాటాల్ కాలనీలోని డర్బన్ చేరి 342 మందిని దించింది. 1911లో ఆఖరి ఓడ వచ్చేసరికి నాటాల్‌లో అడుగుపెట్టిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ఒక్కొక్కరికీ ఒక నంబరు (దీన్నే కొలోనియల్ నంబరు అంటారు) వేసి రిజిస్టర్‌లో ఎక్కించారు. చేతిరాత రిజిస్టర్లను టైపు చేయించి క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ ఉచితంగా అందుబాటులో ఉంచింది. దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలు వెతకడం మొదలుపెట్టాల్సింది ఇక్కడే. అయితే తొందరపడితే వేరేవాళ్ల తాతకు తద్దినం పెట్టినట్టవుతుంది.

పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, ఓడ, చేరిన తేదీ, పనికి పెట్టుకున్న యజమాని వంటి వివరాలు ఇందులో దొరుకుతాయి. మన బడి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు రాసినట్టే ఇక్కడా రాశారు. ఫొటో లేని మనిషిని గుర్తుపట్టడానికి ఆ ఒక్క గడి ఎంత విలువైనదో వెతికినవాళ్లకే తెలుస్తుంది. ఇంటిపేరు మాత్రం సాధారణంగా ఉండదు. తండ్రి పేరో, నాయుడు లాంటి బిరుదో తర్వాతి తరాలకు ఇంటిపేరై కూర్చుంది. కాబట్టి ఇప్పటి ఇంటిపేరుతో వెతికితే ఏమీ తగలకపోవచ్చు.

పేర్ల స్పెల్లింగే పెద్ద చిక్కు. చెవికి వినబడింది గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు, ఆ చేతిరాతను మరొకరు చదివి టైపు చేశారు. అప్పలస్వామిని ఒక 'పి'తో, రెండు 'పి'లతో, చివర 'వై'తో, 'ఐ'తో, మధ్యలో 'డబ్ల్యూ' ఉంచి, తీసేసి వెతకాలి. మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి, వచ్చినవాటిని తండ్రి పేరుతో, వయసుతో వడకట్టడం మేలు. వయసులో నాలుగైదేళ్ల తేడా వచ్చినా కొట్టిపారేయకండి. ఇంట్లో పాత జనన, వివాహ పత్రాలుంటే వాటిపై కొలోనియల్ నంబరు ఉందేమో ముందు చూడండి. అది దొరికితే స్పెల్లింగులతో పనిలేదు.

జిల్లా పేరును ఇప్పటి మ్యాపుతో చదివితే దారి తప్పుతారు. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం అప్పట్లో గంజాం జిల్లావి. గంజాం అని ఉంది కదా, ఒరియావాళ్లేమో అనుకుని వదిలేస్తే అసలు మనిషే పోతాడు. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో భాగం. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకు ముందు ఆ ఊళ్లలో చాలావాటిని కృష్ణా జిల్లా కింద వెతకాలి. కొత్తూరు, పాలెం లాంటి పేర్లు ప్రతి తాలూకాలోనూ ఉంటాయి గనుక తాలూకా గడి చదవకుండా ఊరు తేల్చకండి.

నాటాల్‌లో పుట్టిన పిల్లలు, సొంత ఖర్చుతో వచ్చిన వ్యాపారులు ఈ జాబితాల్లో ఉండరు. అది లోపం కాదు, ఇవి కూలీల ఓడల జాబితాలు. అసలు లోటు వేరే ఉంది. మనిషి పడ్డ కష్టం ఇక్కడ కనబడదు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, అనుమతి లేకుండా ఎస్టేటు దాటితే శిక్ష. 1895 చట్టంతో, ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదామనుకున్నవాళ్లపై ఏడాదికి మూడు పౌండ్ల పన్ను పడింది. అది కట్టలేక మళ్లీ ఒప్పందానికి వేలిముద్ర వేసినవాళ్లెందరో. పన్ను రద్దయింది 1914లో.

ఆ జీవితం కోసం దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగు 'నార్స్' (NAAIRS) తెరవాలి. డిపో (కాగితాలు దాచిన ఆర్కైవ్స్ శాఖ) దగ్గర నాటాల్‌లోని పీటర్‌మారిట్స్‌బర్గ్‌కు గుర్తయిన 'ఎన్ఎబి' ఎంచుకుని, పేరుతోనూ విడిగా కొలోనియల్ నంబరుతోనూ వెతకండి. సోర్స్ గడిలో 'ఐఐ' అని ఉంటే అది భారతీయ వలస శాఖ ఫైలు. దెబ్బలు, కూలి ఎగ్గొట్టడం, పారిపోవడం, ఆత్మహత్య, భార్యాభర్తల్ని విడదీయడం, అన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. అయితే నార్స్‌లో కనబడేది ఒక వరుస వివరణ మాత్రమే, కాగితం కాదు. వాల్యూమ్, రిఫరెన్స్ నంబర్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, లేదా అక్కడ ఒక పరిశోధకుణ్ణి పెట్టుకోవాలి. 'పారిపోయాడు' అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. యజమాని మీద ఫిర్యాదు చేయడానికి నడిచి వెళ్లినవాడు కూడా కాగితంలో అలాగే కనబడవచ్చు. ఫైలు మొత్తం చదివాకే నిర్ణయానికి రండి.

ఉచితంగా దొరికే ఇంకోటి వంశవృక్షాల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లోని పీటర్‌మారిట్స్‌బర్గ్ ఎస్టేట్ ఫైళ్లు (చనిపోయినవాళ్ల ఆస్తి పంపకాల కాగితాలు), 1846 నుంచి 1950 వరకు. వాటిలోని డెత్ నోటీసులో తల్లిదండ్రులు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు రాసే గడులుంటాయి. ఆస్తి ఏమీ మిగలనివాళ్లకు ఫైలు ఉండకపోవచ్చు.

ఊరు తేలాక ఇక్కడి రెవెన్యూ రికార్డుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఉత్తరాంధ్రలో ఆ ఊళ్లు చాలావరకు జమీందారీవి, ఓడెక్కినవాళ్లలో చాలామందికి భూమే లేదు. ముందు ఆ ఊళ్లో అదే కులంవాళ్ల ఇంటిపేర్లు రాసుకోండి. రిజిస్టర్‌లోని తండ్రి పేరు ఏ ఇంట్లో మనవలకు తిరిగి తిరిగి పెట్టారో అడగండి.