పంటి వైద్యానికి ప్యాకేజీ సొమ్ము ముందే కట్టకండి: మా అమ్మకు జరిగిన అన్యాయం

దాళ్వా ధాన్యం సొమ్ము చేతికి రాగానే, ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చిన పంటి నొప్పికి వైద్యం చేయిద్దామని మా అమ్మను కోనసీమలోని ఒక పట్టణంలో ఉన్న దంత వైద్యశాలకు తీసుకువెళ్లాను. ఆమెకు 62 ఏళ్లు, షుగరు ఉంది. నొప్పి కుడివైపు కింది దవడ పన్ను ఒక్కదానికే.

డాక్టరు గారు ఆమెను ఒక్క మాటా అడగలేదు. ఎక్స్‌రేను తెర మీద చూసి, మూడు పళ్లకు రూట్ కెనాల్, మూడు క్యాప్‌లు కలిపి 30,000 రూపాయలని, ఈరోజే కడితే 24,000కే చేస్తామని చెప్పారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లకు చీము పట్టవచ్చు, గాయం త్వరగా మానదు. అయినా దాని గురించి అడిగినవారే లేరు. నేను డబ్బు కట్టి వచ్చేసరికే మత్తు సూది వేసి పళ్లు అరగదీయడం మొదలుపెట్టారు. నొప్పి తట్టుకోలేక అమ్మ చెయ్యెత్తితే, పక్కనున్న సహాయకురాలు ఆ చేతిని పట్టుకుని కుర్చీకి నొక్కేసింది. "నొప్పి ఎలాగో ఓర్చుకున్నానురా, చెయ్యి నొక్కేసినప్పుడే ఏడుపొచ్చింది" అని ఇంటికొచ్చాక చెప్పింది. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది.

వారమైనా నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటుండటంతో, రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి రాజమహేంద్రవరంలో మరొక వైద్యురాలికి చూపించాము. ఆవిడ ముందు అమ్మను మాట్లాడనిచ్చారు, షుగరు రిపోర్టు చూశారు, చేతికి చిన్న అద్దమిచ్చి ఏ పన్ను ఎలా ఉందో చూపించారు. చెయ్యెత్తితే ఆపేస్తానన్నారు, అమ్మ చెయ్యెత్తగానే ఆపారు కూడా. రూట్ కెనాల్ అవసరమైనది ఒక్క పన్నుకేనని, మిగతా రెండింటి పై పొరను మాత్రం మొదటి చోట అప్పటికే అరగదీసేశారని, ఆ పొర మళ్లీ పెరగదు కనుక వాటికి క్యాప్‌లు తప్పవని చెప్పి, ఖర్చంతా కాగితం మీద రాసిచ్చారు.

పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన చికిత్సకు ఒప్పుకున్నట్లు కాదని, చేయబోయేది, దానికి ప్రత్యామ్నాయాలు, అందులోని ప్రమాదాలు ముందే వివరించి రోగి సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995లోనే తీర్పు ఉంది. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

కనుక "ఈరోజే కడితే తగ్గింపు" అన్నచోట దయచేసి ఆగండి. ఏ పన్నుకు ఏమి చేస్తారో, ఎంతవుతుందో రాయించుకోండి. ఎక్స్‌రే కాపీ, సరైన రసీదు ఆరోజే అడిగి తీసుకోండి. మాకు తెల్ల చీటీ మీద అంకె వేసి ఇచ్చారు. ఫిర్యాదుకు జతచేయడానికి ఎక్స్‌రేల కోసం ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను, ఇంకా ఇవ్వలేదు.