నాలుగడుగుల మండువా: ఐదేళ్ల వాడకం తర్వాత

అమలాపురంలో 120 గజాల సైటు. 20 అడుగుల ముఖం, 54 అడుగుల లోతు, రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు. ఇలాంటి ఇంట్లో మధ్యగదికి వెలుగు రావాలంటే నెత్తిమీద నుంచే రావాలి. భోజనాల గది మీద రెండు శ్లాబుల్లోనూ 4×6 అడుగుల ఖాళీ వదిలి, డాబా మీద వెలుగు దిగే కప్పు వేశాం. ఇంట్లో ఇప్పటికీ ఎక్కువ నచ్చేది అదే, ఎక్కువ డబ్బు తిన్నదీ అదే.

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా కింద లైటు వేయకుండా బియ్యంలో రాళ్లు ఏరుకోవచ్చు. అయితే పై అంతస్తులో ఖాళీ చుట్టూ గోడ కట్టకుండా సన్నకడ్డీల గ్రిల్లే పెట్టాలి. గోడలకు మెరుపు లేని తెల్లరంగు వేయాలి, ఎనామిల్ అయితే కళ్లలో కొడుతుంది.

ఇక కారిన సంగతి. పాత మండువా లోగిళ్లలో వాన లోపలికే పడేది, తూములోంచి బయటికి పోయేది. ఇక్కడ తూము లేదు, చుక్క కూడా పడకూడదు. కాబట్టి భారమంతా అతుకుల మీదే.

మొదట వేసింది లోపల గొట్టాల్లాంటి ఖాళీలుండే 10 మి.మీ. ప్లాస్టిక్ (పాలీకార్బొనేట్) షీటు. మధ్యాహ్నం ఎండెక్కగానే టిక్కు టిక్కున చప్పుడు మొదలైంది. రాత్రికీ మిట్టమధ్యాహ్నానికీ షీటు వేడిలో 40 డిగ్రీల తేడా ఉంటే రెండు మీటర్ల షీటు 5 మి.మీ. దాకా సాగుతుంది. స్క్రూకి సరిగ్గా సరిపోయేంత బెజ్జం పెడితే ఆ సాగుడుకి చోటేదీ? రెండో వేసవికి బెజ్జాల దగ్గర చీలికలొచ్చాయి. ఎండ తట్టుకునే పూత ఉన్న వైపు కిందికి బిగించడంతో పసుపెక్కింది. గొట్టాల చివర్లు టేపుతో మూయలేదు, లోపల పచ్చగా పాచి పట్టింది. అన్నిటికన్నా చేటు చేసింది అతుకులు మూయడానికి పూసిన సిలికాన్. వెనిగర్ వాసనొచ్చే రకం సిమెంటును పట్టుకోదు, గోరుతో లాగితే రిబ్బనులా ఊడొచ్చింది. ఖాళీ చుట్టూ కట్టే సిమెంటు గట్టుకు ఆ వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకమే వాడాలి, అదీ దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరాక.

మూడో ఏడు షీటు తీసేసి అద్దం వేయించాం. 6 మి.మీ. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దాలు రెండు, మధ్యలో వాటిని అతికించే 1.52 మి.మీ. ప్లాస్టిక్ పొర. పగిలినా ముక్కలు నెత్తిన పడవు. ఇలా అతికించిన పలకలు రెండు, ఒక్కోటి 40 కిలోల పైమాటే. శ్లాబు మీద 9 అంగుళాల గట్టు, నాలుగడుగుల వెడల్పులో 5 అంగుళాల వాలు. ఉప్పుగాలికి ఇనుప ఫ్రేము రెండేళ్లకే తుప్పు కక్కింది, ఇప్పుడున్నది అల్యూమినియం. వేడిగాలి పోవడానికి గట్టు పక్కన లూవర్లు (వాలుగా అమర్చిన పలకల సందులు), దోమలకు స్టీలు జాలీ. వాన మోత కూడా తగ్గింది, షీటు మీదైతే తప్పెట కొట్టినట్టుండేది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినప్పుడు అతుకులు చెమ్మగిల్లలేదు. లూవర్లలోంచి మాత్రం జల్లు కొట్టింది. నిట్టనిలువు వానకు అద్దం మూడంగుళాలు బయటికుంటే చాలు, అడ్డంగా కొట్టే వానకు ఆరైనా కావాలి.

పైన చెప్పిన వెలుగు మబ్బు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికే మందగిస్తుంది. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టులో మబ్బు అడ్డుంటుంది గానీ, మేలో ఎండ తిన్నగా కంచంలోనే పడుతుంది. కడియం నర్సరీల్లో కట్టే షేడ్‌నెట్టు, సగం ఎండ ఆపే 50 శాతం రకం, అద్దానికి ఆరంగుళాల పైన ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా కడుతున్నాం. లోపల కర్టెన్ కడితే లాభం లేదు, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

పక్కన మూడడుగుల సందున్నా సరే, ముందు అక్కడ ఎత్తుగా కిటికీ పెట్టి చూడండి. మాకు ఆ వీలు లేదు. పైగా పావురాల రెట్ట నెలకోసారి కడగాలి. డాబా ఎక్కగలిగే మనిషి ఇంట్లో ఉన్నన్నాళ్లు మాకు ఇది బాగానే ఉంది.